డ్యాష్‌బోర్డు మీద తొమ్మిదో రోజు

సోమవారం పొద్దున్న లోవరాజు తలుపు తీసేసరికి ప్లిమత్ కారు డ్యాష్‌బోర్డు జగన్నాథపురం వంతెనంత పొడుగైపోయి ఉంది.

బయటినుంచి కారు ఎప్పటిలాగే ఉంది. షెడ్డులో మూలగా, రేకుల కింద, ఒక టైరులో గాలి లేకుండా. టేపు పెట్టి బయట కొలిచాడు. ఈ తలుపునుంచి ఆ తలుపుకి అయిదడుగులు. లోపల కూర్చుని కొలిచాడు. టేపు అయిపోయింది గాని డ్యాష్‌బోర్డు మీది క్రోమ్ పట్టీ అయిపోలేదు. సరే, పని పెరిగింది అనుకుని చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

ఇంకొకడైతే కెవ్వున కేకపెట్టి రోడ్డు మీద పడేవాడు. లోవరాజు ఆ రకం కాదు. పాత కార్ల లోపలుండే క్రోమ్ సామాను, అంటే తలుపు పిడులు, హారన్ రింగులు, మీటర్ల చుట్టూ ఉండే కట్లు, ఇలాంటివి బాగుచెయ్యడంలో కాకినాడ మొత్తానికి అతనికి ఎదురులేదు. సముద్రపు ఉప్పుగాలికి క్రోమ్ మీద ముందు పొక్కు లేస్తుంది. పొక్కు చిట్లితే గుంట పడుతుంది. గుంట కనబడితే ఆ మనిషికి అన్నం సయించదు. ఆవగింజంత ఉన్నా సరే, సూదితో గీకి, అడుగు కనబడేదాకా తవ్వి, తగరం కరిగించి నింపి, దాని మీద రాగి, రాగి మీద నికెల్, నికెల్ మీద క్రోమ్ పట్టిస్తేగాని కుదురుగా కూర్చోడు. అడుగు చూడకుండా పూడ్చిన గుంట ఆరునెలల్లో మళ్లీ నోరు తెరుస్తుందంటాడు. నిజమే కూడాను.

కారు రైసుమిల్లు కనకలింగం గారిది. వాళ్ల నాన్నగారు వాడిన బండి. శుక్రవారం విశాఖపట్నంలో పాత కార్ల ఊరేగింపు ఉందని, గురువారం పొద్దుటికల్లా లోపల ఒక్క గుంట కూడా ఉండకూడదని ఆయన గట్టిగా చెప్పి వెళ్లారు.

మామూలుగా అయితే పట్టీ విప్పి తొట్టిలో ముంచాలి. విప్పాలంటే రెండు కొసలా మరలు తియ్యాలి. లోవరాజు ఇవతలి కొస మర తీసి, అవతలి కొస వెతుక్కుంటూ పట్టీ వెంట నడిచాడు. స్పీడు మీటరు దాటాడు. సిగరెట్టు బూడిద డబ్బా దాటాడు. ఎండ నడినెత్తికి వస్తోంది గాని కొస మాత్రం రాలేదు. వెనక్కి వచ్చేసి, పట్టీని ఉన్నచోటే ఉంచి, ఏ గుంటకి ఆ గుంట విడిగా చూసుకుందామని తీర్మానించుకున్నాడు.

మొదట దొరికినవి మూడు గుంటలు. పొయ్యిరాళ్లలాగా దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఎక్కడో చూసినట్టే అనిపించింది. చేతిలో పనుండగా ఆలోచన ఎక్కడ సాగుతుంది? గీకాడు, నింపాడు, రుద్దాడు. దూది చుట్టిన కడ్డీకి కరెంటు తీగ తగిలించి పూత మీద పూత పట్టించాడు. ఆఖర్న నోటితో ఆవిరి ఊది చూశాడు. లోపమేదైనా మిగిలితే ఆవిరి అక్కడ ఆలస్యంగా ఆరుతుంది. అంతా ఒక్కసారే ఆరిపోయింది.

మధ్యాహ్నం అతని భార్య నూకరత్నం కేరేజీ తెచ్చింది.

నూకరత్నం మొహం నిండా అమ్మవారి మచ్చలు. ఆరేళ్ల వయసులో పోసింది. పెళ్లిచూపులకని వచ్చినవాళ్లు నలుగురు కాఫీ తాగి, గ్లాసు కిందపెట్టి, మళ్లీ కబురు చెయ్యలేదు. అయిదోవాడు లోవరాజు. గుంటలు పూడ్చి బతికేవాడు ఆ పిల్లని ఎలా ఒప్పుకున్నాడా అని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఎవరైనా అడిగితే, "మొహం చూసేను, నచ్చింది" అనేవాడు. ఇరవై మూడేళ్లనుంచీ చూస్తూనే ఉన్నాడు. ఏ మచ్చ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

అందుకే ఆవిడ వంగి పప్పు వడ్డిస్తుంటే అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎడమ కంటికింద మూడు మచ్చలు లేవు. ఆ మేర నున్నగా, తళతళలాడుతోంది.

"ఏంటండీ అలా చూస్తన్నారు? ఉప్పెక్కువైందా?"

"పొయ్యిరాళ్లేయే?" అన్నాడు. వాళ్లిద్దరి మధ్యా ఆ మూడు మచ్చల పేరు అదే.

నూకరత్నం కేరేజీ మూత తిప్పి మొహం చూసుకుంది. వేలితో తడుముకుంది. మళ్లీ చూసుకుంది. అప్పుడు ఆవిడకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పెళ్లినాడు కూడా ఇంత లేదు, ఆనాడు ఎవరేమనుకుంటారోనని తలొంచుకునే కూర్చుంది పాపం.

"మీరేనా అండి? మీరే చేసేరా?"

"కార్లో మూడు గుంటలు పూడ్చేను. అంతే."

"ఇంకా ఉన్నాయాండి?"

"పట్టీ అంతా అయ్యే."

"మరి గబగబా తిని లెగండి బాబూ, ఇలా కూకుంటే ఎలాగ!"

అప్పుడే లోవరాజు ఒక తప్పు చేశాడు. ప్లేటింగు పనివాళ్లు తప్ప లోకంలో మరెవరూ చెయ్యని తప్పు. కొత్తగా పూత ఎక్కినచోట సన్నటి మసక ఉంటుంది. ఆవిడ కంటికింద కూడా ఉంది. మసక చూసి ఊరుకోవడం అతనికి చాతకాదు. భుజం మీది గుడ్డ తీసి, కొసకి పాలిష్ సబ్బు రాసి, పెళ్లాం చెంప పట్టుకుని రుద్దేశాడు. నాలుగు రుద్దులకి మసక పోయింది. అందులో అతని ముక్కు స్పష్టంగా కనబడింది.

"బెమ్మాండం" అన్నాడు. అతను మెచ్చుకున్నది పనితనాన్ని. ఆవిడ తననే అనుకుని సిగ్గుపడింది.

మంగళవారానికి డ్యాష్‌బోర్డు ఇంకా పెరిగింది. లోవరాజు సైకిలు లోపలికెక్కించి, పట్టీ పక్కనే తొక్కుకుంటూ బయల్దేరాడు. నూకరత్నం వెనక కూర్చుని దారి చెప్పింది. మొహం ఆవిడది గనక ఏ గుంట తరవాత ఏ గుంట వస్తుందో ఆవిడకి తెలుసు.

"ముక్కు పక్కది ఇక్కడే ఉండాలండి. అదిగో, ఆపండి."

అతను దిగి తవ్వేవాడు. ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని చూసేది. గుంటలో తగరం పడి చల్లారేసరికి ఆవిడ చెంప మీద కూడా ఎక్కడో చల్లబడేది. అప్పుడు అతను గుడ్డ తీసేవాడు. ముందు పట్టీ రుద్ది, తరవాత ఆవిడని రుద్దేవాడు. వరస తప్పేవాడు కాదు.

రేడియో దగ్గర ఆగి నీళ్లు తాగారు. రేడియో ముల్లు టెలిఫోను స్తంభమంత ఎత్తుంది. దానికింద నిలబడితే గాజు వెనకాల వెలుతురులో ఊళ్లు కనబడుతున్నాయి. పడవలెక్కేవాళ్లు, బట్టలారేసేవాళ్లు, వరండాలో కూర్చుని పేపరు చదివేవాళ్లు. ముల్లు కొంచెం కదిలితే ఆ ఊరు చీకటి పడి ఇంకో ఊరు తెల్లవారుతోంది. లోవరాజు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ ఇలాంటి రేడియోల చుట్టూ కట్లు రుద్దాడు గాని ఒక్కసారైనా తలెత్తి లోపలికి చూడలేదు. అది తలుచుకుని సిగ్గేసింది.

"ఎంత గొప్పగా ఉందో కదండి" అంది నూకరత్నం గుసగుసగా.

"కట్టు మీద గుంటల్లేవు. పద" అన్నాడు, కళ్లు మాత్రం రేడియో మీంచి తిప్పకుండానే.

బుధవారం మధ్యాహ్నానికి ఆవిడ మొహం మీద ఒకే ఒక్క మచ్చ మిగిలింది. ఎడమ కనుబొమ మీదుంటుంది, అది. తక్కినదంతా అద్దం.

కొత్తిమీర కోసం వీధిలోకి వెళితే కూరలమ్మే మనిషి ఆవిడ ఎదట నిలబడి బొట్టు సరిచేసుకుంది. ఎదురింటి టైలరు దువ్వెన తీసి పాపిడి దిద్దుకున్నాడు. బళ్లోంచి వస్తున్న పిల్లలు ఆవిడ చుట్టూ చేరి నాలికలు చాపి ఎక్కిరించి, తమని తాము చూసుకుని పడీపడీ నవ్వారు. అందరూ మర్యాదగానే ఉన్నారు. పలకరించనివాళ్లు లేరు.

సాయంత్రం కనకలింగం గారు పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి వచ్చారు. "ఏమ్మా, కులాసాయేనా?" అంటూనే నూకరత్నం నుదుట్లో చూసుకుని మీసం దువ్వుకున్నారు.

"అదీ! డ్యాష్‌బోర్డు ఇలా తేలాలయ్యా లోవరాజూ."

"ఆయ్. ఇంకొక్కటే ఉందండి."

"అయిదడుగుల పట్టీకి మూడు రోజులేంటయ్యా?"

"లోపల పెద్దదండి."

"అది నిజమే" అన్నారు కనకలింగం గారు కాస్త ఆలోచించి. "మా నాన్నగారు కూడా అనేవారు. ఒకసారి ఎక్కి కూర్చుంటే దిగబుద్ధి కాదని." మరోసారి మీసం చూసుకుని వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక నూకరత్నం షెడ్డు గుమ్మంలో చతికిలబడింది.

"నన్నెవరూ చూట్టం లేదండి" అంది.

"అదేం మాట? నేను చూస్తన్నాను కదా."

చూశాడు. ఆవిడ మొహంలో తనే ఉన్నాడు. మసి, చెమట, వెనకాల షెడ్డు రేకులు. పక్కకి జరిగి చూశాడు. పక్కకి జరిగిన తనే కనబడ్డాడు. ఆవిడ ఏడుస్తోందో, ఊరికే కూర్చుందో తెలుసుకునే దారి లేకపోయింది. ఆ మాటకొస్తే కన్నీళ్లు వచ్చినా ఆ నునుపు మీద నిలవవు. ఇంత దగ్గర కూర్చున్న మనిషి ఎటు పోయిందో తెలియక లోవరాజుకి నిజంగానే భయం వేసింది.

ఆ కనుబొమ మీది మచ్చ దగ్గర మాత్రం ఆవిడ ఉంది. ఆవగింజంత మేర. అక్కడే చూపు నిలబెట్టి మాట్లాడాడు.

"ఆ ఒక్కటీ వదిలేస్తాను రత్నం."

"వదిలేసి? ఇంత మొహానికి ఒక్క మచ్చెట్టుకుని ఏం చేసుకోనండి? ఉంటే అన్నీ ఉండాలి, లేపోతే ఏదీ ఉండకూడదు. అదీగాక అది ఒట్టి మచ్చ కాదండి, ఎప్పుడూ కాలతా ఉంటాది. తడిగుడ్డ ఏసుకుని పడుకోటం మీరు చూళ్లేదా? పొద్దున్నే ఎళ్లి దాని సంగతి చూసేద్దారి."

గురువారం పొద్దున్న ఇద్దరూ మళ్లీ సైకిలెక్కారు. రేడియో దాటాక డ్యాష్‌బోర్డు సన్నబడింది. ఒక పక్క ముందద్దం ఆకాశందాకా లేచి ఉంది. దాని అవతల సముద్రం, అద్దానికి ఒరుసుకుంటూ, చప్పుడు లేకుండా పొంగుతోంది. ఇంకో పక్క సీట్లు చాలా కింద, లోయలో ఉన్నాయి. వాళ్లు నింపిన గుంటల జాడైనా లేకుండా పట్టీ సూర్యుణ్ని మోసుకుంటూ ముందుకి సాగింది. ఆ వెలుగు కళ్లలో పడి నూకరత్నం కొంగు కప్పుకుంది. లోవరాజు మాత్రం కళ్లు చికిలించుకుంటూనే చూశాడు. ఇంత పని తన రెండు చేతులే చేశాయంటే అతనికే నమ్మకం చిక్కలేదు.

గడియారం దాటిన తరవాత ఆఖరి గుంట దొరికింది. చూడ్డానికి ఏమంత లేదు. లోవరాజు మోకాళ్ల మీద కూర్చుని సూది దించాడు.

అడుగు తగల్లేదు.

సైకిలు చువ్వ ఒకటి ఊడదీసి దించాడు. తగల్లేదు. సంచీలోంచి రాగి తీగ చుట్ట తీసి దించడం మొదలుపెట్టాడు. చుట్ట సగమైంది. ముప్పావు అయింది. నలభై బారల తీగ లోపలికి పోయాక పైకి లాగి చూస్తే చివర చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. గుంటలోంచి వేపాకు వాసన వచ్చింది. ముప్పై ఏళ్ల పనిలో అడుగు లేని గుంటని చూడ్డం ఇదే. వంగి చెవి ఆనించాడు.

"ఇయ్యేల ఎన్నో రోజు?" అని కిందనుంచి ఒక పిల్ల అడిగింది.

"లచ్చివారం" అన్నాడు లోవరాజు.

"వారం కాదు. ఎన్నో రోజూ అని."

నూకరత్నం పట్టీని రెండు చేతులా పట్టుకుని గుంట పక్కన కూర్చుంది.

"అది నేనేనండి" అంది.

అప్పుడు చెప్పింది. ఉప్పాడలో వాళ్ల ఇల్లు సముద్రం పక్కనే ఉండేది. అమ్మవారు పోస్తే పిల్లని వేపమండల మీద పడుకోబెట్టారు. తొమ్మిదో రోజున పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోస్తే అమ్మవారు చల్లబడి వెళ్లిపోతుంది. నీళ్లు పొయ్యందే లెక్క తీరదు. ఎనిమిదో రోజు సాయంత్రం తుపాను వచ్చి సముద్రం ఇంట్లోకొచ్చింది. పిల్లని తట్టలో పెట్టుకుని పరిగెత్తారు. ఇల్లు పోయింది, ఊరు చెదిరిపోయింది. తొమ్మిదో రోజు ఎవరికీ గుర్తులేదు.

"నాకు నీళ్లు పొయ్యలేదండి" అంది నూకరత్నం. "అది ఇంకా ఎనిమిదో రోజులోనే ఉంది."

లోవరాజు చేతిలో తగరం కడ్డీ ఉంది. పక్కన తగరం కరిగించే స్టవ్వు వెలుగుతోంది.

"ఇప్పుడు పూడ్చేస్తే?"

"పిల్ల లోపలే ఉంటాదండి, జొరంతో. నా మొహం ఇలాగే నున్నగా ఉండిపోతాది."

"తీస్తే?"

"తీసి నీళ్లు పొయ్యాలి. పోస్తే పొక్కులు మాడి రాలతాయి. రాలినకాడల్లా మచ్చ పడతాది. ఆ మచ్చలన్నీ ఎవరికండి? నాకే కదా. పిల్లకి తెలీదు గాని, నాకు తెలుసు. కాఫీలు తాగి లేచెళ్లిపోతారు. పెళ్లిళ్లలో హారతి పట్టటానికి ముందుకి రానివ్వరు. పొటోలో ఎనక నిలబెడతారు. అయ్యన్నీ నాకు తెలుసండి."

అతను కడ్డీ కిందపెట్టాడు.

"మొహం నీది. నీ ఇష్టం రత్నం."

"ముందు మీకేం కావాలో చెప్పండి."

"నాకా? నాకు నిన్ను చూడాలనుంది. నిన్నట్నుంచీ నా మొహమే చూసి చూసి విసుగెత్తిపోయేను."

ఆవిడ ఆ మాటకి ఏమనుకుందో అతనికి తెలియలేదు. ఎదురుగా తన మొహమే, కళ్లలో నీళ్లు పెట్టుకుని తన వంక చూస్తోంది. కిందనుంచి పిల్ల గొంతు మళ్లీ వినబడింది. ఈసారి ఎన్నో రోజని అడగలేదు. మంట, మంట అని మూలిగింది.

నూకరత్నం తీగ చుట్ట అందుకుని గుంటలోకి వదిలింది.

"తొమ్మిదో రోజేనే అమ్మా. గట్టిగా పట్టుకో" అని అరిచింది.

ఇద్దరూ కలిసి లాగారు. ఆవగింజంత గుంటలోంచి ఆరేళ్ల పిల్ల రావాలంటే కొంచెం ఆలస్యం పడుతుంది. ముందు వేపమండ వచ్చింది. తరవాత చెయ్యి, తరవాత జడలు కట్టిన జుట్టు. పిల్ల పైకొచ్చి పట్టీ మీద నిలబడింది. ఒంటినిండా పొక్కులు. ఆ వేడికి పక్కనున్న సైకిలు గంట దానంతటదే టింగుమంది.

పిల్ల నూకరత్నం వైపు తిరిగింది. అంతే, ఆవిడ గబుక్కున కొంగు లాగి మొహం నిండా కప్పుకుంది. అమ్మవారు పోసినవాళ్లకి అద్దం చూపించకూడదు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా అద్దమే.

"ఎందుకు మొహం దాచుకుంటన్నావు? నీక్కూడా పోసిందా?" అంది పిల్ల.

"పోసిందమ్మా. ముందు నీకు నీళ్లు పోసేసి అప్పుడు తీస్తాను."

"మరి నీళ్లేయి?"

లోవరాజు డ్యాష్‌బోర్డు సొరుగు మీట నొక్కాడు. పెద్ద తలుపులాంటి సొరుగు మూత కిందికి వాలింది. లోపల అతని షెడ్డులోని మూడు కడుగుడు తొట్లూ వరసగా ఉన్నాయి, అంచులదాకా నీళ్లతో. ప్లేటింగులో పూతకీ పూతకీ మధ్య సామానుని మూడు తొట్లలో కడుగుతారు. తొందరపడి ఒక్క నీళ్లతో సరిపెడితే లోపలి యాసిడ్ మంట లోపలే ఉండి ఎప్పుడో పైకి తేలుతుంది. ఈ సంగతి లోవరాజుకి ఒకరు చెప్పక్కర్లేదు. చొక్కా లేదు గనక పంచె ఎగ్గట్టాడు.

మొదటి తొట్టి నీళ్లు పోశాడు. పిల్ల వణికింది. నీళ్లు ఒంటిని తాకి సలసలమన్నాయి. నూకరత్నం కొంగు చాటునుంచే చెయ్యి చాపి, వేపమండతో వీపు తుడిచింది.

రెండో తొట్టి నీళ్లు పోశాడు. పొక్కులు ఒక్కొక్కటే మాడి రాలాయి. రాలినవి పట్టీ మీద పడి ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు చేశాయి. ముందద్దం అవతల సముద్రం చెవి పెట్టి విన్నట్టు కదలకుండా ఉంది.

మూడో తొట్టి నీళ్లు పోస్తుండగా పిల్ల ఒంట్లోంచి వేడి లేచింది. లేచి, అద్దం పొడుగునా ఆవిరయి పరుచుకుని, ఒక్కసారే ఆరిపోయింది. ఆ క్షణాన కారు మొత్తం చల్లబడింది. సీట్ల లోయలోంచి చల్లగాలి పైకి తోసుకొచ్చింది. లోవరాజు రెండు చేతులూ వాటంతటవే జోడయ్యాయి. ఎవరికి మొక్కుతున్నాడో అతనికి తెలియదు. ఎదుట ఒక పిల్ల తల తుడుచుకుంటూ నిలబడి ఉంది, అంతే.

"అయిపోయింది" అంది పిల్ల. వేపమండ లోవరాజు చేతికిచ్చి, తడికాళ్లతోనే పట్టీ వెంబడి నడక మొదలుపెట్టింది, ఇంకా ఎవరూ చూడని అవతలి కొస వైపు.

"ఎక్కడికే?" అని కేకేశాడు.

"ఆడుకోటానికి. ఎనిమిది రోజుల్నించీ పడుకునే ఉన్నాను కదా."

పిల్ల అడుగు వేసినచోటల్లా క్రోమ్ లొత్త పడింది. అడుగుకి ఒకటి కాదు, వేలి వేలికీ ఒకటి. మూడు రోజులు ఒళ్లు హూనం చేసుకుని తేల్చిన పట్టీ మీద కళ్లముందే గుంటలు పడుతున్నాయి. లోవరాజు చెయ్యి అలవాటుగా తగరం కడ్డీ వైపు పోయింది. పోయి, కడ్డీని ముట్టుకోకుండానే వెనక్కొచ్చింది. పనిలోకి దిగింది మొదలు ఆ చెయ్యి ఒక గుంటని వదిలేయడం అదే మొదలు.

"ఏవండీ, చూడండి" అంది నూకరత్నం.

కొంగు తీసింది.

ముక్కు పక్కది వచ్చింది. గడ్డం మీది రెండూ వచ్చాయి. పిల్ల దూరంగా అడుగేసినప్పుడల్లా ఇక్కడ ఒక మచ్చ దిగుతోంది. నుదురు మీద చిన్నవన్నీ ఒక్క పరుగులో వచ్చేశాయి, పిల్ల అక్కడ గెంతినట్టుంది. అద్దం చెదిరింది. అందులోంచి లోవరాజు మొహం ముక్కలు ముక్కలై ఎటో పోయింది. పోతేపోనీ. ఆ వెనక నూకరత్నం ఉంది. ఏడుస్తోంది. ఏడుస్తోందని తెలుస్తోంది.

"ఎలా ఉన్నానండి?" అంది.

"కనబడుతున్నావు" అన్నాడు లోవరాజు.

కారు తలుపు తెరుచుకుంది. కనకలింగం గారు తల లోపలికి పెట్టారు. ముందు చూపు ఆనినంత మేరా పరుచుకున్న పట్టీ చూశారు. దాని పొడుగునా వేలవేల గుంటలు, గుంట గుంటలోనూ పిల్ల కాళ్లనుంచి జారిన తేటనీళ్లు, ఆ నీళ్లలో ఒక్కొక్క ఆకాశం. ఆయన మెల్లిగా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నేల మీద అలాగే నిలబడిపోయారు. ఊరేగింపు మాట ఎత్తలేదు.

ఇప్పుడు నూకరత్నం మచ్చల్లో కూడా ఊట ఊరుతోంది. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క చుక్క, కదలకుండా నిలబడి ఉంది. సముద్రం వైపునుంచి ఒక పిచ్చుక వచ్చి ఆవిడ భుజం మీద వాలింది. మెడ చాపి, ఎడమ చెంప మీది చుక్కలో ముక్కు ముంచి తాగింది. తాగి, తల పైకెత్తి, మళ్లీ తాగింది. చుక్క తగ్గలేదు. దాని వెనకాల ఇంకో పిచ్చుక ఉంది, దాని వెనక గోరింకలు, ఆ వెనక ఎర్రముక్కు కొంగలు, ముందద్దం అంచు మీద ఒకదాని వెనకొకటి వరస కట్టి ఆకాశం మొదటిదాకా ఉన్నాయి. ఒక్కటీ తోసుకోవడం లేదు. లోవరాజు వాటిని అదిలించకుండా, ఊపిరి బిగబట్టి భార్య మొహం చూస్తున్నాడు. ఈకలు తగిలి ఆవిడకి కితకితలు పెడుతున్నాయి. నవ్వితే ఎక్కడ ఒలికిపోతాయోనని నూకరత్నం పెదాలు బిగించుకుని కూర్చుంది.